చదువరాని శాసనము

పరవాడలో మా యింటి యరుగుమీదికి సాయంకాలము వచ్చువారిలో పూర్వవిద్యార్థులే యెక్కువ. పెండ్లి శుభలేఖ నిచ్చుటకు కొందఱు, దరఖాస్తు వ్రాయించుకొనుటకు కొందఱు వత్తురు. గడచిన వర్షకాలమున నొకనాడు వచ్చినవాడు ఆటో నడుపుకొని బ్రదుకువాడు. పదునాఱేండ్ల క్రిందట మా తరగతిలో చివరి బల్లమీద కూర్చుండి, శతకపద్యములను తడబడక యప్పగించినవాడు. ఆనాడు అరుగుమీద కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

వాని కష్టమిది. అప్పుచేసి ఆటో కొనెను. తెల్లవాఱుజామున లంకెలపాలెము కూడలినుండి ఫార్మాసిటీకి పోవు పనివారిని చేరవేయును. తక్కిన పగలెల్ల గాజువాక వైపున, ఒక వ్యాపారసంస్థవారి యాప్‌లో వచ్చు సవారీలను నమ్ముకొనును. నెలవాయిదా తీరుట ఆ సవారీల వలననే. ఒకనాటి యుదయమున ఫోను తెఱచిచూడగా వాని ఖాతా నిలిచిపోయియుండెను. "మీరు మా నియమములను ఉల్లంఘించితిరి" అను వాక్యమొక్కటి తెరమీద నుండెను. ఏ నియమము? ఏనాడు? ఎవరి యెడల? ఒక్క మాటయు లేదు.

"మాస్టారూ, నాను తప్పు సేసుంటే ఆ తప్పేటో సెప్పమనండి. దండం ఎట్టి ఒప్పుకుంతాను. తప్పేటో తెలకుండా ఎలాగండీ ఒప్పుకోడం?" అని వాడు మమ్మడిగెను.

మేము వాని పక్షమున ఇంగ్లీషులో నొక యుత్తరము వ్రాసితిమి. మర్యాదగా వ్రాసితిమి, తేదీలతో వ్రాసితిమి. జవాబు నిమిషములోనే వచ్చెను. అందు మా ప్రశ్నకు సమాధానము లేదు. మరల వ్రాసితిమి. మరల అదే జవాబు. మూడవమాఱు వచ్చినదానిని మొదటిదానితో సరిపోల్చితిమి. కామా సైతము మాఱలేదు. మా యుత్తరములను చదివిన మనుష్యుడెవడును లేడని అప్పుడు మాకు తెలిసినది.

చదువరులకు ఇది చిన్నసంగతిగా దోచవచ్చును. ఒక ఆటోవాని బేరము పోయినది. ఇట్టివి దినమునకెన్ని జరుగుట లేదు? కాని యీ చిన్నసంగతిలో నొక పెద్ద ధర్మప్రశ్న యిమిడియున్నది. ఒకని జీవనమును శాసించు నియమమును వానికి కనబడకుండ దాచియుంచి, ఆ నియమము క్రిందనే వానిని దండించుట న్యాయమగునా?

పూర్వము ఆటోస్టాండులో వరుస యుండెడిది. ముందువచ్చినవాడు ముందు పోవును. అందును పక్షపాతము లేదనము; బలవంతుడు వరుస తప్పించుటయు, దానిపై కేకలు లేచుటయు అందఱెఱిగినవే. కాని ఆ వరుస కన్నులకు కనబడును. అన్యాయము జరిగిన, జరిగినదని పదిమంది చూతురు. నేడు ఆ వరుస యాప్‌లోనికి పోయినది. ఏ సవారీ యెవరికి పోవలయును, కిరాయి యెంత, అందు సంస్థ భాగమెంత, ఎవనిని నిలిపివేయవలయును అను నాలుగు ప్రశ్నలకును యంత్రమే సమాధానము చెప్పుచున్నది. యంత్రమునకు ఆ సమాధానము నేర్పినది మనుష్యుడే. ఆ నేర్పిన పాఠమును ప్రోగ్రాము అందురు. అది యొక శాసనము. అయితే నడుపువాడు గాని ఎక్కువాడు గాని దానిని చదువరాదు.

శాసనమన్నంతనే రాళ్లు జ్ఞాపకమునకు వచ్చును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు తన ధర్మాజ్ఞలను బండలమీద చెక్కించెను. మన కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండలమీద అవి నేటికిని ఉన్నవి. అవి పండితుల సంస్కృతమున గాక ప్రాకృతమున నున్నవి. చక్రవర్తి తలచినచో ఆజ్ఞలను పేటికలో భద్రపఱచి, అతిక్రమించినవానిని మాత్రము పట్టి దండింపవచ్చును. అట్లు చేయలేదు. బాటసారి కనులబడునట్లు చెక్కించెను. ఏలువాడు ఎంత గొప్పవాడైనను, ఏలబడువానికి నియమము తెలియవలెనను ఒక కనీసమర్యాద అందు గలదు.

ఆ మర్యాదను మనము చాలకాలము మఱచితిమి. స్త్రీ చదువరాదనియు, శూద్రుడు వేదమును వినరాదనియు విధించినవారు మన పెద్దలే. ఏ గ్రంథమును చూపి ఒకనిని తక్కువవానిగా నిర్ణయించిరో, ఆ గ్రంథమును వాడు ముట్టరాదనిరి. అది నిజముగ అందు గలదో లేదో చూచుకొను దారిని సైతము మూసివేసిరి. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించునప్పుడు మూసిన ఆ తలుపునే తట్టిరి. అక్షరము వచ్చిన స్త్రీ తనకు విధించిన నియమమును తానే చదివి, ఇది ధర్మమా యని యడుగగలదు. విద్యవలన కలుగు మొదటి స్వాతంత్ర్యమిదియే. ఈ పోరాటమున కొంత గెలిచితిమని మనము సంతసించుచుండగనే, ఆ పాతదోషము క్రొత్తవేషము ధరించి మన చేతిలోని ఫోనులోనికి వచ్చినది.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. "అది వ్యాపారి సొత్తు. ధనము వెచ్చించి చేయించుకొన్న యంత్రములోని రహస్యమును వాడు లోకమునకు చాటవలెనా? మిఠాయి యంగడివాడు తన పాకమును చెప్పునా?" అని కొందఱందురు. ఆక్షేపణ తీసివేయదగినది కాదు. పాకమును దాచుకొను హక్కు మిఠాయివానికి గలదు. కాని పాకము వేఱు, కాటా వేఱు. అనకాపల్లి బెల్లపు మార్కెట్టున వర్తకుడు తన బెల్లమును ఏ దేశమునకు పంపునో, ఏ ధరకు అమ్ముకొనునో రైతునకు చెప్పనక్కఱలేదు. అది వాని వర్తకము. రైతు తెచ్చిన దిమ్మలను తూచు కాటాను మాత్రము తెరచాటున పెట్టి, "ఇంత తూగినది, నమ్ముము" అనుటకు వీలులేదు. కాటా ఇద్దఱ నడుమ నుండు వస్తువు. దానిని ఎవడు కొన్నను, అది యొక్కని సొత్తు కాజాలదు. ఆటోవాని సవారీని, కిరాయిని, నడవడిని తూచు ప్రోగ్రాము కాటా వంటిదే గాని పాకము వంటిది కాదని మా యభిప్రాయము.

న్యాయస్థానములును చట్టసభలును ఈ దారికే వచ్చుచున్నవి. బ్రిటన్, పోర్చుగల్ దేశముల డ్రైవర్లు ఊబర్, ఓలా సంస్థలపై తెచ్చిన వ్యాజ్యములలో, యంత్రముచే తొలగించుటకు గల హేతువును డ్రైవరునకు తెలుపవలయునని 2023 ఏప్రిలులో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. మన పొరుగున కర్ణాటకము 2025లో చేసిన చట్టము, వ్రాతపూర్వకముగ కారణము చెప్పి 14 దినముల ముందు తెలుపనిదే పనివానిని సాధారణముగ తొలగింపరాదనుచున్నది. ఆ సంవత్సరమే జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములు, సొంతవాహనము నడుపువానికి కిరాయిలో నూటికి 80 పాళ్లకు తక్కువ ముట్టరాదనినవి. ఇవన్నియు మంచివే. అయినను చట్టము అడిగినవానికి చెప్పించునది. అడుగుటకు ప్లీడరు కావలయును, కాలము కావలయును. శాసనమును మొదటినుండియు బయలునందే వ్రాయుట అంతకంటె మేలు గాదా?

అట్లు వ్రాయువారు కలరు. వారి పద్ధతిని ఓపెన్ సోర్సు అందురు. తెలుగున వివృతమూల మనవచ్చును. ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, వాడుకొనవచ్చును, దోషము గనిన సవరింపవచ్చును. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఇట్టి స్వేచ్ఛకై ఉద్యమము నారంభించెను. పేరు క్రొత్తదైనను సంస్కృతము చదివినవారికి ఇది వింత గాదు. పాణిని ఇంచుమించు 4000 సూత్రములలో భాషను బంధించెను. ఆ సూత్రములు పాణిని యింటి సొత్తుగా నుండలేదు. కాత్యాయనుడు వానిని పరిశీలించి, కొఱత యున్నచోట వార్తికము చేర్చెను. పతంజలి యా రెంటిని విచారించి, ఒకచోట వార్తికకారుని, వేఱొకచోట సూత్రకారుని సమర్థించెను. ఆ ఖండనమండనముల వలన సూత్రకారుని గౌరవము పెరిగినదే గాని తఱుగలేదు. సూత్రములను పాణిని దాచియుండినచో, అవి యాతనితోనే యంతరించియుండును.

వాహనముల విషయమున ఈ పద్ధతి మన దక్షిణదేశముననే చక్కగా పరీక్షింపబడుచున్నది. కొచ్చిలో 2021లో యాత్రి యను యాప్, బెంగుళూరులో 2022 నవంబరున నమ్మ యాత్రి యను యాప్ వెలసినవి. రెండవదానిని ఆటోడ్రైవర్ల సంఘముతో కలిసి జస్‌పే యను సంస్థ నిర్మించెను. 2024లో హైదరాబాదున మన యాత్రి యను పేర నదియే వచ్చెను. దాని ప్రోగ్రాము అందఱికిని కనబడునట్లు ప్రకటింపబడినది. దానిని తీసికొని మార్చి నడుపువాడు తన మార్పులను గూడ వాడుకరులకు చూపవలెనను నిబంధన దాని లైసెన్సులో గలదు. సవారీకింతయని నూటికి పాలు తీసికొనుట లేదు. ఎక్కినవాడిచ్చు కిరాయి నేరుగ నడుపువాని చేతికి పోవును. మొదట ఉచితముగ నడిపి, 2023లో దినమునకు 25 రూపాయలు గాని, సవారీకి మూడున్నర రూపాయలు గాని చందా పెట్టిరి. ఇది బెకన్ అను బహిరంగపద్ధతి ననుసరించి పనిచేయును. తపాలా వంటిదే యీ పద్ధతియును. పరవాడలో వేసిన యుత్తరమును తెనాలిలో పంచుటకు రెండు తపాలా కచ్చేరీలును ఒక యజమానివి కానక్కఱలేదు. చిరునామా వ్రాయు తీరు ఒకటియైన చాలును. అట్లే ఎక్కువాని యాప్ ఒకరిది, నడుపువాని యాప్ వేఱొకరిది యైనను ఇద్దఱును కలియగలరు.

ఇంతవఱకు చెప్పి విరమించిన, మేము సగము సత్యమునే చెప్పినవార మగుదుము. తలుపు తెఱచినంత మాత్రమున గదిలో దీపము వెలుగదు. చమురు పోయువాడొకడు కావలయును. ప్రోగ్రాము ఉచితముగ దొరకవచ్చును గాని, దానిని నడుపు కంప్యూటర్లు, దారి చూపు పటములు, వచ్చిన ఫిర్యాదును చదువు గుమాస్తా ఉచితముగ దొరకవు. ప్రకటించిన ప్రోగ్రామే నిజముగ నడుచుచున్నదా యని చూచుటకును తెలిసినవారు కావలయును. నమ్మ యాత్రి చరిత్రయే దీనికి సాక్ష్యము. మొదట కలిసి నడచిన డ్రైవర్ల సంఘము 2023లో వేఱుపడి మెట్రో మిత్ర యను తమ సొంత యాప్ పెట్టుకొనెను. 2024లో నమ్మ యాత్రి ప్రత్యేకసంస్థయై గూగుల్ మున్నగువారి పెట్టుబడిని గైకొనెను. ఇందు తప్పు పట్టుట మా యుద్దేశము గాదు. సూత్రము బయలునందున్నను, పెత్తన మెవరిదను ప్రశ్న మిగిలియే యుండునని చెప్పుటయే మా యుద్దేశము.

పెత్తనమును పంచుకొనుటకు సహకారమార్గ మున్నది. 2025 జూన్‌లో నమోదైన సహకార టాక్సీ సంఘమువారు భారత్ టాక్సీ యను పేర డ్రైవర్లనే వాటాదారులుగ జేర్చుకొని ఢిల్లీలో పని మొదలిడిరి. సహకారము మాట మన జిల్లాకు క్రొత్తది కాదు. ఏటికొప్పాకలో 1933లోనే చెఱకురైతులు సహకార చక్కెర కర్మాగారమును పెట్టుకొనిరి. అయితే మన జిల్లాలో సహకార చక్కెర మిల్లులు మూతబడుటయు, రైతులు బకాయిలకై తిరుగుటయు మనము చూచితిమి. అందఱిదన్న వస్తువు ఎవరిదియు గాకపోవుట యెంత సులభమో మనకు తెలిసినంతగ ఇతరులకు తెలియదు. కావున దాచినది చెడ్డది, తెఱచినది మంచిది యని యొక్క మాటలో తేల్చుటకు మేము సిద్ధముగ లేము. దాచినదానిలో అన్యాయము జరిగిన తెలిసికొను దారియే లేదు. తెఱచినదానిలో దారి గలదు, నడచువారు కావలయును. ఇంత మాత్రమే చెప్పగలము.

"ఆటోవాడు ప్రోగ్రామును చదువగలడా? వానికి తెఱచిన నేమి, మూసిన నేమి?" అని యడుగువారు గలరు. శిక్షాస్మృతిని ఎందఱు చదివిరి? చదువనివానికి బదులు చదువువాడు ఊరిలో నొకడుండును. చట్టము అచ్చులో నున్నదను భయమే యధికారిని కొంత యదుపున నుంచును. చదువరాని శాసనమున ఆ భయము లేదు.

ఇక ఎక్కువారి సంగతి. అమెరికాలో ఆస్టిన్ నగరమున డ్రైవర్ల వేలిముద్రల నియమమును గూర్చి వివాదము గలిగి, 2016 మే నెలలో ఊబర్, లిఫ్ట్ సంస్థలు నగరమును విడిచిపోయెను. అప్పుడు లాభాపేక్షలేని రైడ్ ఆస్టిన్ యను సంస్థ లేచెను. మరుసటి యేట పెద్దసంస్థలు తిరిగివచ్చినంతనే దానికి సవారీలు తగ్గిపోయినవి. 2020లో అది మూతబడినది. నిన్న దానిని మెచ్చుకొన్నవారిలో పెక్కుమంది నేడు వేఱొక బొమ్మను నొక్కిరి.

ఇది వ్రాయునప్పుడు మా చేయి కొంత జంకుచున్నది. ఏలయన, మా పూర్వవిద్యార్థి మా యరుగునుండి వెడలిపోయిన రాత్రి మాకు నిదుర పట్టలేదు. అంతకు కొన్ని నెలల ముందు, గాజువాకలో బంధువుల యింట నొక శుభకార్యమునకు పోవుచు, మేమును అట్టి యాప్‌నే పిలిచితిమి. ఆనాడు ఆటో వచ్చుటకు ఆలస్యమయ్యెను. వాన కురియుచుండెను. ముహూర్తము దాటుచున్నదని ఇంటివారు తొందరపెట్టుచుండిరి. దిగిన పిదప తెరమీద ఐదు నక్షత్రములు కనబడినవి. విసుగున ఒక్కదానినే నొక్కితిమి. నడుపువాడు వాన నీరు నిలిచిన దారిని చుట్టి వచ్చెనేమో యను తలంపే మాకు రాలేదు. ఆ నక్షత్ర మెచ్చటికి పోవునో, ఎవని లెక్కలో నెట్లు చేరునో మేమెఱుగము. చింతచెట్టు క్రింద వానిని నిలువబెట్టి తప్పు చెప్పియుండినచో, వాడు బదులు చెప్పియుండును. మేమును విని యొకవేళ సిగ్గుపడియుందుము. యాప్ మాకు ఆ శ్రమను తప్పించినది. దండించు నధికారమును మా చేతికిచ్చి, దండన ఫలితమును మా కంటికి మఱుగుపఱచినది.

ఎవనికో వచ్చిన "ఉల్లంఘించితిరి" అను వాక్యములో మా యొక నక్షత్రము లేదని మేము ప్రమాణము చేయజాలము. చదువరాని శాసనమును దూరదేశపు వ్యాపారియే చెక్కినాడని యనుకొంటిమి. అందొక యక్షరమును మేము గూడ చెక్కితిమి. ఇరువది రూపాయలు తక్కువని యొకదానిని విడిచి వేఱొకదానిని పిలుచునప్పుడును, ఆ తగ్గిన యిరువది ఎవని కంచమునుండి తగ్గినదని యెన్నడును అడుగలేదు. పిల్లలకు తరగతిలో న్యాయమును గూర్చి పాఠము చెప్పువారము మేము!

గృహస్థులైన చదువరులను మేము కోరునది పెద్దది కాదు. బహిరంగమైన యాప్ మన యూరికి వచ్చినప్పుడు, మొదటి నెలలో బండి కొంచె మాలస్యముగ దొరకినను ఓర్చుకొనుడు. అది నిలుచుటయు కూలుటయు ఆ యోర్పుమీదనే యాధారపడియున్నది. నక్షత్రము నొక్కుటకు ముందు, నడుపువానిని ముఖాముఖిగ నొక్క ప్రశ్న యడుగుడు. కంప్యూటరు చదివిన బిడ్డలు మీ యింట నున్నచో, వారిని కొలువునకు మాత్రమే గాక, ఇట్టి శాసనములను చదివి పొరుగువానికి చెప్పుటకును సిద్ధపఱచుడు. ఉత్తరము చదువలేని తల్లికి ఉత్తరము చదివి వినిపించిన బిడ్డలను మన తరము చూచినది. ఇదియు నట్టి పనియే.

మా పూర్వవిద్యార్థి ఖాతా నేటికిని తెఱువబడలేదు. ఆ మధ్య లంకెలపాలెము కూడలిలో కనబడినప్పుడు, ఇప్పుడు పగలంతయు షేరు ఆటో నడుపుచున్నాననియు, రెండు వాయిదాలు తప్పినవనియు చెప్పెను. మేము నమ్మ యాత్రిని గూర్చి వానికి చెప్పితిమి; దాని నియమములు ఎవరైనను చదువవచ్చునంటిమి. వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే మాస్టారూ, మీరు సదివి సెప్తారా?" అని యడిగెను. చదివి చెప్పెదనని మాట యిచ్చితిమి. ఆ భాష మాకు రాదు. నలువదియైదవ యేట దాని యక్షరములు దిద్దుట మొదలుపెట్టితిమి.